బోర్డులో కూర్చోబోయే అమ్మలుకి

అమ్మలూ,

ఆగస్టు నుంచి నువ్వు మన స్కూల్ డిస్ట్రిక్ట్‌ని, అంటే మన ఊరి బడులన్నిటినీ నడిపే బోర్డులో స్టూడెంట్ మెంబర్‌వి. ఫోన్లో ఆ మాట చెప్పినప్పుడు సంతోషంతో నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. పేరెంట్ అడ్వైజరీ కమిటీలో ఉండి ఆ మీటింగులు చూస్తూ వచ్చాను కదా, నీకు ముందే తెలిస్తే మేలనిపించినవి కొన్ని ఉన్నాయి.

మొదట నీ ఓటు సంగతి. కాలిఫోర్నియాలో స్టూడెంట్ మెంబర్‌కి ఉండేది ప్రిఫరెన్షియల్ ఓటు. అసలు ఓటింగ్‌కి ముందు నీ ఓటు అడుగుతారు, మీటింగ్ రికార్డులో, అంటే మినిట్స్‌లో రాస్తారు, లెక్కలో మాత్రం కలపరు. జనం లేకుండా లోపల జరిపే క్లోజ్డ్ సెషన్‌కి రానివ్వరు. దానికి చిన్నబుచ్చుకోకు. మిగతావాళ్ళు నీ మాట విన్నాకే ఓటేస్తారు. ఆ మాటకొస్తే, ఎన్నికైన మెంబర్‌కి కూడా ఒంటరిగా ఏ అధికారమూ లేదు. ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి ఇది చెయ్యి, అది ఆపు అని చెప్పడానికి వీల్లేదు. అందరూ కూర్చుని, జనం ముందు, మెజారిటీతో తీర్మానించిందే బోర్డు నిర్ణయం. దాన్ని అమలు చేసే బాధ్యత డిస్ట్రిక్ట్ పెద్ద అధికారి, సూపరింటెండెంట్‌ది. ఆ సూపరింటెండెంట్‌ని ఎంచుకోవడం, ఏటా పనితీరు చూడడం బోర్డు పని.

మొన్న నువ్వు కోపంగా అడిగావు, కొత్త జిమ్ కట్టడానికి డబ్బులున్నాయి గానీ లైబ్రేరియన్ జీతానికి లేవా అని. న్యాయమైన కోపమే. జిమ్‌కి వచ్చింది బాండు డబ్బు, అంటే డిస్ట్రిక్ట్ తెచ్చుకునే అప్పు. ఓటేసిన మన ఊరివాళ్ళలో కనీసం 55 శాతం మంది ఒప్పుకుంటే బాండు వేసుకోవచ్చని 2000లో రాష్ట్రం ఓటర్లు పాస్ చేసిన ప్రాపొజిషన్ 39 చెప్పింది. ఆ డబ్బుతో బిల్డింగులు కట్టొచ్చు, బాగుచేయించొచ్చు. టీచర్ల జీతాలకు, ఆఫీసు ఖర్చులకు ముట్టుకోకూడదు. జీతాలు వచ్చేది రోజువారీ ఖర్చులకు ఉండే జనరల్ ఫండ్ నుంచి. అందులో పెద్ద వాటా జీతాలకు, బెనిఫిట్లకే పోతుంది. కాబట్టి ఎక్కడైనా తగ్గించాలంటే చివరికి ఎవరో ఒకరి ఉద్యోగం దగ్గరికే వస్తుంది. పైగా ఇక్కడ రాష్ట్రం డబ్బు ఇచ్చేది బడిలో ఎంతమంది పేరు రాయించుకున్నారన్న దాన్ని బట్టి కాదు, సగటున రోజూ ఎంతమంది వచ్చారన్న దాన్ని బట్టి. పిల్లలు తగ్గినా, ఉన్న పిల్లలే తరచూ మానేసినా ఆదాయం పడిపోతుంది. బడి కరెంటు బిల్లు మాత్రం తగ్గదు.

జిమ్ సంగతి అలా ఉంచినా, లైబ్రేరియన్ పోస్టు తీసేయడం తప్పనే నేను ఇప్పటికీ అంటాను. తీసేసే పోస్టుల జాబితాలో అది కనిపించినప్పుడు బోర్డులో ఎవరూ, దానివల్ల ఏ పిల్లలకు ఏం పోతుందని అడగలేదు. నాకు బాధ కలిగించింది అదే.

నువ్వు వెళ్ళి అడగగలిగేది కూడా అదే. ఏటా ఏదో ఒక ప్రోగ్రాం రెన్యువల్‌కి వస్తుంది, రీడింగ్ సాఫ్ట్‌వేరో, ట్యూటరింగ్ కాంట్రాక్టో. చాలాసార్లు అవి కన్సెంట్ క్యాలెండర్ అనే జాబితాలో పదిహేను ఐటమ్స్‌తో కలిసి, చర్చ లేకుండా ఒక్క ఓటుతో పాసైపోతాయి. "పోయిన ఏడాది దీనికి ఎంత పెట్టాం? ఎవరి కోసం? వాళ్ళకి ఏం మారింది?" అని నిదానంగా అడుగు. జవాబు లేకపోతే లేదని మినిట్స్‌లోకి వెళ్ళనీ.

ఈ ప్రశ్నకు చట్టం బలం కూడా ఉంది. 2013లో రాష్ట్రం నిధుల పద్ధతి మార్చి, తక్కువ ఆదాయం ఇళ్ళ పిల్లలకు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకు, సొంత అమ్మానాన్నల దగ్గర కాక వేరే ఇళ్ళలో పెరిగే ఫోస్టర్ పిల్లలకు అదనంగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ డబ్బుతో ఏం చేస్తారో, ఫలితం ఎలా కొలుస్తారో ఎల్‌క్యాప్ అనే మూడేళ్ళ ప్లాన్‌లో రాయాలి. చాలా లావుగా ఉంటుంది, చదవడం విసుగే, అయినా చదువు. పక్కన రాష్ట్రం డ్యాష్‌బోర్డు వెబ్‌సైట్ తెరిచి పెట్టుకో. ఎరుపు నుంచి నీలం దాకా అయిదు రంగుల్లో బడుల పరిస్థితి చూపిస్తుంది. మొత్తం డిస్ట్రిక్ట్ రంగు చూసి ఆగిపోవద్దు. సగటు ఆకుపచ్చగా ఉన్నా, కిందికి వెళ్తే డిసెబిలిటీ ఉన్న పిల్లల రంగు నారింజ ఉండొచ్చు. క్రానిక్ ఆబ్సెంటీయిజం కూడా చూడు. ఏడాదిలో పదో వంతు రోజులు, అంటే 180కి 18 రోజులు మానేసిన పిల్లలు ఆ లెక్కలోకి వస్తారు. వీళ్ళలో ఎంతమందికి బస్సు లేదు, ఎంతమంది ఇంట్లో తమ్ముళ్ళని చూసుకుంటున్నారు? ఇది అంకెల్లో కనబడదు, కానీ నీకు తెలుసు. నీ క్లాసులోనే ఉన్నారు వాళ్ళు.

పాలసీల గురించి ఎక్కువ చెప్పను, అవి నీకు బాగా పట్టుబడతాయి. ఒక్క ఫోన్ల పాలసీ తీసుకో. 2026 జులై 1 లోపు ప్రతి డిస్ట్రిక్ట్ బడిలో ఫోన్ల వాడకాన్ని పరిమితం చేసే పాలసీ పెట్టుకోవాలని రాష్ట్రం 2024లో చట్టం చేసింది. క్లాసులోనే ఆపాలా, లంచ్‌లో కూడానా అన్నది బోర్డే తేల్చుకోవాలి. షుగర్ చూసుకోవడానికి ఫోన్ వాడే పిల్ల గురించి ఆ వాక్యాలు ఎలా రాస్తున్నారో చూడాల్సిన మనిషివి నువ్వే.

అన్నిటికంటే ముఖ్యంగా, టైమింగ్. జనం జూన్‌లో బడ్జెట్ హియరింగ్‌కి వచ్చి ఏడుస్తారు. అప్పటికి చేయి దాటిపోయి ఉంటుంది. డిసెంబర్‌లో డిస్ట్రిక్ట్ లెక్కల మధ్యంతర నివేదిక, ఫస్ట్ ఇంటరిమ్ రిపోర్ట్ వస్తుంది, రాబోయే రెండేళ్ళలో లోటు ఉందో లేదో అందులోనే తెలుస్తుంది. జనవరి 10 లోపు గవర్నర్ బడ్జెట్ ప్రతిపాదన వస్తుంది. మార్చి 15 లోపు ఉద్యోగం పోవచ్చన్న టీచర్లకు లేఆఫ్ నోటీసులు ఇచ్చేయాలి. కాబట్టి తీసేసే పోస్టుల జాబితా అసలు తయారయ్యేది చలికాలంలో. నీ స్నేహితుల్ని తీసుకురావాలంటే ఫిబ్రవరిలో తీసుకురా.

రెగ్యులర్ మీటింగ్‌కి 72 గంటల ముందు అజెండా అందరికీ కనబడేలా పెట్టాలని బహిరంగ సమావేశాల చట్టం, బ్రౌన్ యాక్ట్ రూలు. ఆగస్టు అజెండా రాగానే నాకు పంపు. నువ్వు ముందు చదువు, అర్థం కాని చోట గుర్తు పెట్టుకో. శనివారం పొద్దున ఇద్దరం కూర్చుందాం.

ప్రేమతో,
నాన్న