అంగట్లో లేని బియ్యాన్ని ఖాతాలోని నగదు తేలేదు

సంపాదకులకు,

అయ్యా,

రేషను బియ్యానికి బదులు కార్డుదారుల ఖాతాల్లో నగదు వేస్తే సరిపోతుందన్న వాదన కొంతకాలంగా మీ పత్రిక పాఠకుల పుటలో తరచుగా కనిపిస్తోంది. బియ్యం దారి మళ్లుతోందని, తూకం తగ్గుతోందని ఆ లేఖకులు పడుతున్న బాధ నిజమైనదే. అయితే ఈ రేషను దుకాణం ఏ పరిస్థితుల్లో పుట్టిందో మరచిపోయి దాన్ని మూసే మాట మాట్లాడటం నాకు భయం కలిగిస్తోంది. అది పేదలకు రాయితీ ఇవ్వడానికని మొదలైనది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, తిండిగింజల బాధ్యతను బజారుకు వదిలేస్తే ఏమవుతుందో 1943 నాటి బెంగాలు కరవులో కళ్లారా చూసిన తరువాత ప్రభుత్వం తలకెత్తుకున్న పని అది.

1942 మార్చిలో బర్మా (నేటి మయన్మార్) రాజధాని రంగూన్ జపాన్ వశం కావడంతో మనకు వచ్చే బర్మా బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. యుద్ధం మొదలై మూడేళ్లు దాటాక, ఆ ఏడాది డిసెంబరులో గాని కేంద్రంలో ఆహార శాఖ ఏర్పడలేదు. ఈలోగా బెంగాలులో, శత్రువుకు చిక్కకూడదన్న పేరుతో తీర జిల్లాల మిగులు ధాన్యాన్నీ, పదిమందికి మించి పట్టే పడవలనూ ప్రభుత్వమే తీసుకుపోయింది. పడవ లేనిదే సంతకు వెళ్లలేని డెల్టా అది. అక్టోబరులో తుపాను అక్కడి తీర జిల్లా మిడ్నాపూరును ముంచెత్తింది.

ఆ సమయంలో అక్కడి ప్రభుత్వం చేసిన పనిని నగదు వాదులు శ్రద్ధగా గమనించాలని నా మనవి. 1942 జూలైలో అది బియ్యానికి గరిష్ఠ ధర నిర్ణయించింది. కాని ఆ ధరకు తానే అమ్మగలిగినంత నిల్వ తన గోదాముల్లో లేకపోవడంతో సరకు నల్లబజారుకు చేరింది. 1943 మార్చిలో నియంత్రణనే ఎత్తివేసింది. 1942 ఆరంభంలో ఆరు రూపాయల ప్రాంతంలో ఉన్న మణుగు బియ్యం 1943 మే నాటికి కలకత్తాలో ముప్పై రూపాయలకు చేరింది. (బెంగాలు మణుగు దాదాపు 37 కిలోలు, మన పెద్దలు వాడిన మణుగుకు మూడింతల పైమాట.) కూలి మాత్రం ఆ వేగంతో పెరగలేదు. ఆర్థికవేత్త అమర్త్యసేన్ లెక్కల ప్రకారం 1943లో బెంగాలులో లభ్యమైన ధాన్యం, కరవు లేని 1941 కన్నా తక్కువేమీ కాదు. కలకత్తాలో మిల్లులు, పెద్ద కంపెనీలు తమ కార్మికులకు తక్కువ ధరకు బియ్యం అందించాయి గనుక వారు నిలిచారు. పల్లెల నుంచి నడిచివచ్చిన కూలీలు, జాలరులు అదే నగర వీధుల్లో అన్నం కాదు, గంజి పోయమని అడుగుతూ చనిపోయారు. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘమే మృతులు 15 లక్షలని చెప్పింది. తరువాతి పరిశోధకులు చాలామంది ఆ సంఖ్యను 30 లక్షల దాకా చెబుతున్నారు.

బొంబాయి కూడా తన తిండికి బయటి ధాన్యం మీద ఆధారపడిన నగరమే. అక్కడ 1943 మేలో కార్డులిచ్చి, ధాన్యాన్ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుని పంచింది. ఆ సెప్టెంబరులో, ఆహారధాన్యాల విధానంపై కేంద్రం నియమించిన గ్రెగరీ సంఘం, లక్ష దాటిన జనాభా ఉన్న నగరాలన్నిటా రేషను పెట్టాలనీ, మనిషికి రోజుకు పౌను (దాదాపు 450 గ్రాముల) ధాన్యం లక్ష్యంగా ఉండాలనీ సిఫారసు చేసింది. కలకత్తాలో అది మొదలయ్యేసరికి 1944 జనవరి ముగింపుకొచ్చింది. మన గోదావరి, కృష్ణా డెల్టాల ధాన్యాన్ని మద్రాసు ప్రభుత్వం సేకరించి బర్మా బియ్యానికి అలవాటుపడిన లోటు జిల్లాలకు పంపింది. ఆ సేకరణలో రైతుకు గిట్టుబాటు ధర దక్కలేదు, అధికారుల జులుం సాగింది. అయినా ఆ ధాన్యం కదలకపోతే లోటు జిల్లాయైన మలబారులో (నేటి ఉత్తర కేరళ) ఏమై ఉండేదో ఊహించడానికే మనసు రాదు.

నా వాదన ఇంతే. దుకాణం ఒక గొలుసులో చివరి కొస. దాని వెనుక సేకరణ, గోదాము, రవాణా ఉన్నాయి. కొస తెంచి నగదు ఇస్తే, పంచవలసిన అవసరం లేని ధాన్యాన్ని ఏ ప్రభుత్వమూ ఏళ్ల తరబడి కొని నిల్వ ఉంచదు. ఆ తరువాత యుద్ధమో మహమ్మారో వచ్చిన నాడు గొలుసును మళ్లీ అతికించడానికి ఎంత కాలం పడుతుందో 1943 చూపించింది. కోవిడ్ కాలంలో 2020 ఏప్రిల్ నుంచి, ఆహార భద్రతా చట్టం కిందికి వచ్చే కార్డుల్లోని ప్రతి మనిషికీ నెలకు అదనంగా 5 కిలోలు ఇవ్వగలిగామంటే, గోదాములు నిండి ఉండటం, దుకాణాలు అప్పటికే ఉండటమే కారణం. బజార్లు చాలావరకు మూతపడిన ఆ నెలల్లో నగదు పట్టుకుని ఎక్కడికి వెళ్లి ఉండేవాళ్లం?

దారి మళ్లే బియ్యానికి మందు దుకాణాన్ని మూయడం కాదు. వచ్చిన నిల్వ, పంచిన నిల్వ దుకాణం ముందు రోజూ రాయించండి. గ్రామసభలో ఆ లెక్క చదివించండి. డీలరుకు బతకగలిగే కమిషన్ ఇవ్వండి. నగదు పథకం తలపెట్టే ప్రభుత్వం ఏదైనా ముందుగా, ధాన్యం సేకరణ ఎంత తగ్గుతుందో, ఎన్ని నెలల నిల్వ మిగులుతుందో శాసనసభలో లిఖితపూర్వకంగా చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కాకినాడ