ఐదున్నర అంటే ఐదున్నరకే మొదలుపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మా ఆత్రేయపురం, రావులపాలెం వైపు రన్నింగ్ క్లబ్ వాళ్లు మూడేళ్లుగా వేసవిలో పరుగు పందేలు పెడుతున్నారు. ఏప్రిల్, మే నెలల్లో ఐదు ఆదివారాలు, మూడు తారు రోడ్డు మీద, రెండు గట్ల మీద. (శనివారం పెట్టడానికి లేదు, వాడపల్లి వెంకన్న గుడికొచ్చే జనంతో ఆ రోజు ఆ రోడ్డు కిటకిటలాడిపోతుంది.) నాకు 52 ఏళ్లు. షుగర్ వచ్చాక డాక్టరు నడవమంటే నడక మొదలుపెట్టి మెల్లగా పరుగులోకి దిగాను, ఈ పందేల్లో ఇంతవరకు ఒక్కటి కూడా వదల్లేదు. వీటిని ఆపెయ్యమని రాయడం లేదు, ఏటా జరగాలనే రాస్తున్నాను.

ముఖ్యంగా గట్టు మీద పరుగు. లొల్ల లాకుల దగ్గర నుంచి కాలువ గట్టు పట్టుకుని వెళ్తుంటే ఒక పక్క కొబ్బరి తోటలు, ఇంకో పక్క కాలువ, దాళ్వా (రెండో పంట వరి) అయ్యాక కాలువకు నీళ్లు ఆపేస్తారు కాబట్టి మే నెలలో అడుగున బురద, అక్కడక్కడా మడుగులు, వాటిలో కొంగలు. మట్టి నేల కాబట్టి మోకాళ్లకు తారు రోడ్డంత దెబ్బ తగలదు, కాకపోతే ట్రాక్టర్లు తిరిగిన చోట చక్రాల జాడలు ఎండి రాయిలా ఉంటాయి, కింద చూసుకుంటూ పరిగెత్తాలి. మా వీధిలో ఎప్పుడూ గుమ్మం దాటి పరిగెత్తని ఆడవాళ్లు కూడా ఇప్పుడు బూట్లు కొనుక్కుని వస్తున్నారు. అది చూస్తే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

గొడవంతా టైముతోనే. మొన్నటి 10 కిలోమీటర్ల పందెం 5:30కి అన్నారు. జెండా ఊపాల్సిన అతిథి వచ్చేసరికి 6:20 అయింది, ఆ తర్వాత శాలువాలు, ఫొటోలు, రెండు ప్రసంగాలు, చివరికి వదిలింది 6:45కి. మే నెలలో మనకు సూర్యుడు 5:30కే వచ్చేస్తాడు. అంటే గంటకు పైగా ఎండలో నిలబెట్టి, అప్పుడు పరిగెత్తమన్నారన్నమాట. ఎనిమిదో కిలోమీటరు దాటాక డిగ్రీ చదివే ఒక కుర్రాడు తూలుతూ పొలం వైపు వెళ్లిపోతుంటే నేను పట్టుకున్నాను. "ఏ ఊరు నాన్నా" అంటే సంబంధం లేని మాటలు చెప్పాడు. ఒళ్లు కాలిపోతోంది. పక్క ఇంట్లో అక్క, వాళ్ల కోడలు పరుగున వచ్చి బోరింగు దగ్గర నీళ్లు పట్టి బిందెలతో నెత్తి మీద నుంచి పోస్తూనే ఉన్నారు, 108 వచ్చేదాకా. వాడు బతికి బయటపడ్డాడంటే ఆ ఇద్దరి పుణ్యమే.

అక్కడున్న కొందరు "చెమట పడుతోంది కదా, ఏం కాదులే" అన్నారు. అది పొరపాటు. పరిగెత్తేవాళ్లకు వడదెబ్బ తగిలితే చాలాసార్లు చెమట ఆగదు, కారుతూనే ఉంటుంది. చూడాల్సింది మాట తడబడుతోందా, మనిషి తికమక పడుతున్నాడా అన్నది. అప్పటికే లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు, అరగంటలోపు ఒంటిని చల్లబరచాలి, ఆసుపత్రి ఆ తర్వాత. పైగా మనది ఉక్కపోత దేశం. చెమట కారితే ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. రాయలసీమలో ఎండ ఎంతున్నా గాలి పొడిగా ఉంటుంది, మనకు సముద్రం దగ్గర, గాలినిండా తేమే, చెమట ఆరదు. తెల్లవారుజామున తేమ ఇంకా ఎక్కువే ఉంటుంది కానీ ఎండ ఉండదు, అందుకే ఆ గంట మనకు అంత విలువైంది. కొత్తగా వచ్చేవాళ్లకు ఒళ్లు ఈ వేడికి అలవాటు పడాలన్నా పది పదిహేను రోజులు పడుతుంది, మొదటి ఆదివారమే 10 కిలోమీటర్లకు దిగకుండా చూడండి.

క్లబ్ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. అతిథి వచ్చినా రాకపోయినా 5:30కి, వీలైతే 5 గంటలకే పందెం వదిలెయ్యండి. ప్రసంగాలు, శాలువాలు అన్నీ పరుగయ్యాక కొబ్బరి చెట్ల కింద మజ్జిగ తాగుతూ పెట్టుకుందాం, ఎవరూ కాదనరు. రెండోది, చివరి గీత దగ్గర ఒక పెద్ద టబ్బు, అందులో నీళ్లు, ఐసు. రొయ్యలకీ చేపలకీ రోజూ ఐసు కొట్టి పంపే ప్రాంతం మనది, మనిషి ప్రాణానికి రెండు దిమ్మలు దొరకవా? దారిలో కూడా ఉత్త నీళ్లే లీటర్లు లీటర్లు తాగించకుండా ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్సో పెట్టండి, ఉత్త నీళ్లు మరీ ఎక్కువైతే ఒంట్లో ఉప్పు పడిపోతుంది, అదీ ప్రమాదమే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఏప్రిల్‌లో రైతులు రోడ్డు పక్కనే బరకాల మీద ధాన్యం ఆరబోసుకుంటారు. మనవాళ్లు కొందరు వాటి మీద నుంచే పరిగెత్తారు. రోడ్డు మీద పందేలు కోతలయ్యాకే పెట్టి, ఏప్రిల్‌లో గట్ల మీద పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

వచ్చే ఆదివారం చివరి పందెం. ఐదింటికల్లా అక్కడ ఉంటాను. టబ్బు, రెండు ఐసు దిమ్మలు నా ఆటోలో నేనే తెస్తాను, నీడ ఉన్నచోట చూపించండి చాలు.

– ఒక పరుగు అభిమాని, రావులపాలెం