సుబ్బమ్మ గారి పూటకూళ్ల ఇంటి సంగతి కూడా చెప్పించండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి, నమస్కారం.

నేను ప్రకాశం జిల్లాలో బడిపంతుల్ని. ఏటా ఆగస్టు 23న టంగుటూరి ప్రకాశం పంతులు గారి జయంతి చేస్తాం. ఎవడో ఒక పిల్లాడు చొక్కా గుండీలు విప్పి "కాల్చండిరా" అని అరుస్తాడు, మేం చప్పట్లు కొడతాం, చాక్లెట్లు పంచుతాం. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా ఆయన పోలీసు తుపాకీ ముందు గుండె చూపి నిలిచిన రోజు గొప్పదే, కాదనను. అయితే ఆ గుండె ఏ ఇంటి అన్నం తిని పెరిగిందో ఒక్క ముక్క చెప్పం.

పదకొండేళ్లకే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ గారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ల ఇల్లు పెట్టారు. మా పిల్లలకి ఆ మాట తెలీదు, మెస్ అంటే తెలుస్తుంది. పనుల మీద ఊరికొచ్చినవాళ్లు పూటకింతని ఇచ్చి భోంచేసి పోయేవాళ్లు. అన్నం అమ్ముకోవడమంటే అప్పట్లో ఎంత చులకనో! అందులోనూ భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీ. బంధువుల ముందు తలెత్తుకోలేని పని అది. ఆ పొయ్యి మీదే ప్రకాశం గారి చదువు ఉడికింది.

పోనీ ఆయనేమైనా బుద్ధిమంతుడా అంటే, అదీ కాదు. నాటకాల్లో వేషాలు కట్టాడు, రౌడీ మూకతో తిరిగాడు. స్వీయచరిత్రలో ఆయనే దాచకుండా చెప్పుకున్నాడు. గురువు హనుమంతరావు నాయుడు గారు రాజమండ్రి వెళ్తూ ఈ కుర్రాణ్ణి తనతో తీసుకుపోయి చదివించకపోతే ఏమయ్యేవాడో. తర్వాత బారిస్టరీకి ఇంగ్లండు వెళ్లేటప్పుడు మాంసం, మందు, పొగ ముట్టనని తల్లికి మాటిచ్చాడు. సముద్రం దాటితేనే వెలివేసే రోజులవి.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, మొన్న ఏడో తరగతి పిల్లల వివరాలు నింపుతుంటే ఒకడు తల్లి వృత్తి దగ్గర "గృహిణి" అని రాశాడు. పొద్దున్నే వాళ్లమ్మ బండి దగ్గర ఇడ్లీ తినే బడికొస్తాను నేను. ఏరా అంటే తల దించుకున్నాడు. అప్పుడు సుబ్బమ్మ గారి సంగతి చెప్పాను. "నిజంగా హోటలేనా సార్? ముఖ్యమంత్రి వాళ్లమ్మకా?" అన్నాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి ఆయనేరా అన్నాను. కాసేపు ఆలోచించి రబ్బరు అడిగాడు.

అందుకని అయ్యా, ఈసారి జయంతికి మీ శాఖ పంపే ఉత్తర్వులో ఓ వాక్యం చేర్చండి: వేషంతో పాటు ప్రకాశం గారి బాల్యం కూడా పిల్లల చేత చెప్పించాలని, అందులో సుబ్బమ్మ గారి పేరు ఉండాలని. వేదిక మీద వంట చేసుకుని బతికే తల్లుల్లో ఒకరిని కూర్చోబెడితే ఇంకా మంచిది. శాలువా ఖర్చు మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా