నానబెట్టకుండా చేసిన పరీక్షని నమ్మొద్దు

సంపాదకులకు నమస్కారం.

కలప కుళ్ళకుండా, చెదలు పట్టకుండా దానికి పట్టించే మందుల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. 'ల్యాబ్ పరీక్షలో నెగ్గింది' అని నాలుగైదు చోట్ల రాశారు, ఆ పరీక్ష ఎలా చేశారో మాత్రం ఎక్కడా లేదు. కొన్నేళ్ళు నేను చేసింది ఆ పనే, అందుకే రాయకుండా ఉండలేకపోతున్నాను.

చిన్న చెక్క ముక్కల్ని ఆరబెట్టి తూచి, మందు పట్టించి, సీసాలో పెంచిన కుళ్ళు శిలీంధ్రం మీద పెట్టి వదిలేస్తాం, యూరప్ పద్ధతిలో అయితే 16 వారాలు. తర్వాత పైన పేరుకున్న బూజు గీకేసి మళ్ళీ ఆరబెట్టి తూస్తే చెక్క ఎంత పోయిందో తెలిసిపోతుంది. చేవ చెక్క, అంటే చెట్టు నడిమి ముదురు చెక్క, వాడం, దానికి సొంత బలం ఉంటుంది కాబట్టి ఆ గొప్పంతా మందు ఖాతాలో పడుతుంది. మందు లేని ముక్కలు కూడా పక్కనే పెడతాం. అవి బాగా కుళ్ళలేదంటే శిలీంధ్రానికే సత్తువ లేదన్నమాట, పరీక్ష చెల్లదు. ఒకసారి నాలుగు నెలల పని అలాగే పారబోశాం, ఏడుపొచ్చింది.

అయితే మందు పట్టించిన ముక్కని ముందు నీళ్ళు మారుస్తూ రెండు వారాలు నానబెట్టారా లేదా అన్నదే అసలు ప్రశ్న. బోరాక్స్, బోరిక్ ఆమ్లం పొడిచోట చెదల్నీ కుళ్ళునీ చక్కగా ఆపుతాయి, వానలో తడిసే చెక్కలోంచి మాత్రం కరిగి కారిపోతాయి. నానబెట్టకుండా పరీక్షిస్తే వాటికీ మంచి మార్కులే వస్తాయి! 1933లో మన దేశపు శాస్త్రవేత్త సొంటి కామేశం కనిపెట్టిన రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మందు ప్రపంచమంతా పాకడానికి ముఖ్య కారణం, క్రోమియం మిగతా రెండిటినీ చెక్కలో పట్టి ఉంచడమే. ఆర్సెనిక్ భయంతో 2003 చివర అమెరికాలో దాన్ని ఇళ్ళ వాడకం నుంచి తప్పించారు, మంచి పనే. తర్వాత వచ్చిన రాగి మందులతో ఇంకో చిక్కు, కొన్ని శిలీంధ్రాలు ఆక్సాలిక్ ఆమ్లం వదిలి రాగిని పనిచేయకుండా కట్టేస్తాయి. కాబట్టి ఏ శిలీంధ్రంతో పరీక్షించారో కూడా అడగాలి.

చెదల సంగతీ అంతే. పక్కనే మామూలు చెక్క ఉంటే అవి మందు చెక్కని వదిలేసి అటు పోతాయి, వేరే తిండి లేకుండా పెట్టినప్పుడే మందు బలం తేలుతుంది. ఆపైన నేలలో సగం పాతిన కర్రల్ని ఏటేటా పీకి చూసి 10 నుంచి 0 దాకా మార్కులు వేసే పరీక్ష ఉంది, ఏళ్ళు పడుతుంది, నాకు ఎక్కువ నమ్మకం దాని మీదే.

ఇకపై ఏ మందు గురించి రాసినా నానబెట్టారా, ఏ శిలీంధ్రం వాడారు, నేలలో ఎన్నేళ్ళు ఉంచారు అని తయారీదారులను అడిగి, వాళ్ళ జవాబు కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు