కోచ్‌ల పరిచయాల్లో శిక్షణ పద్ధతికీ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

క్రీడా పేజీల్లోనూ, యువత కోసం వేసే ప్రత్యేక శీర్షికల్లోనూ విదేశీ కోచ్‌ల పరిచయాలు తరచు రావడం సంతోషకరం. అయితే అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ గురించిన పరిచయాల్లో ఎక్కువగా రెండు సంగతులే కనిపిస్తాయి: ఆయన గెలిచిన టైటిళ్ల లెక్క, ఆయన పేరిట ఇంటర్నెట్‌లో తిరిగే సూక్తులు. విద్యార్థులకు ఈ ఆట నేర్పే నాబోటివారికి వీటివల్ల ఒరిగేది తక్కువ. ఆయన రోజూ కోర్టులో ఏం చేసేవారో తెలిపే సమాచారం కూడా కొంచెం ఓపిగ్గా వెతికితే అదే ఇంటర్నెట్‌లో దొరుకుతుంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

టైటిళ్ల సంగతి నిజమే. 1964 నుంచి 1975 వరకు పన్నెండు సీజన్లలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్ఏ) జట్టు ఆయన శిక్షణలో 10 జాతీయ టైటిళ్లు గెలిచింది. వాటిలో 7 వరుసగా వచ్చినవే. కానీ ఆయన ఆ విశ్వవిద్యాలయంలో చేరింది 1948లో. అంటే మొదటి టైటిల్ పదహారో సీజన్‌లో గానీ రాలేదు. 1965లో పాలీ పెవిలియన్ అనే ఇండోర్ స్టేడియం కట్టేవరకు ఆయన జట్టు పాత జిమ్‌లో, ఒక పక్క కుస్తీ, మరో పక్క జిమ్నాస్టిక్స్ సాగుతుండగానే సాధన చేసేది. సాధనకు ముందు నేల ఊడ్చే పనిలో కోచ్ కూడా చెయ్యి వేసేవారు. సరైన ఇండోర్ కోర్టు లేని మన కళాశాలల వ్యాయామ అధ్యాపకులకు ఈ పదిహేనేళ్ల కథే ఎక్కువ పనికొస్తుంది.

1974-75లో, అంటే ఆయన చివరి సీజన్‌లో, రోలాండ్ థార్ప్, రోనాల్డ్ గాలిమోర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆయన సాధనా తరగతులను దగ్గరగా కూర్చుని గమనించి, ఆయన నోటి వెంట వచ్చిన ప్రతి మాటనూ వర్గాలుగా విభజించి లెక్కగట్టారు. నమోదైన 2,326 బోధనాంశాల్లో సగం దాకా ఏం చేయాలో, ఎలా చేయాలో చెప్పే సూటి సూచనలే. మెచ్చుకోళ్లు 7 శాతానికి మించలేదు, మందలింపులు కూడా ఇంచుమించు అంతే. ఆటగాడు తప్పు చేస్తే ముందు సరైన పద్ధతి చేసి చూపడం, తర్వాత అతను చేసినది అనుకరించి చూపడం, వెంటనే మళ్లీ సరైనది చూపడం, ఇదంతా కొన్ని సెకన్లలో ముగించడం ఆయన అలవాటు. ఉపన్యాసాలు దాదాపు లేవు. రెండు గంటల సాధనలో ఏ నిమిషానికి ఏ అభ్యాసమో ముందే చిన్న కార్డుల మీద రాసుకుని వచ్చేవారు కనుక వాటి అవసరమూ పడలేదు. కేకలే శిక్షణ అనుకునే మన మైదానాల్లో ఈ వివరాలు విస్తృతంగా చర్చకు రావాలని నా గట్టి కోరిక.

కొత్త సీజన్ తొలిరోజు ఆయన మేజోళ్లు వేసుకోవడం నేర్పేవారన్న సంగతిని చాలామంది వింతగా రాస్తారు, కారణం మాత్రం రాయరు. చిటికెనవేలి దగ్గరా మడమ దగ్గరా మడత మిగిలితే పొక్కు లేస్తుంది. పొక్కు లేచిన కుర్రాడు సాధనకు దూరమవుతాడు. మడత లేకుండా లాగి, బూటు లేసును ఒక్కొక్క రంధ్రం దగ్గరా బిగించి, రెండు ముడులు వేయించేవారు. ఇది చిన్న పనిలోనూ కారణం చూసే ఉపాధ్యాయుడి పద్ధతి. కోచ్ కావడంతోపాటు ఆయన పాఠశాలలో ఇంగ్లిష్ బోధించినవారు కూడా. విజయానికి కావలసిన గుణాలను పదిహేను దిమ్మెలుగా పేర్చి చూపే ఆయన ప్రసిద్ధ చిత్రపటం 'విజయ పిరమిడ్' కూడా 1934లో ఆ పాఠశాల రోజుల్లోనే మొదలై 1948కి పూర్తయింది.

ఇండియానా స్టేట్ కళాశాలలో ఉండగా, 1947లో, తన జట్టులోని నల్లజాతి ఆటగాడు క్లారెన్స్ వాకర్‌ను ఆడనివ్వని జాతీయ టోర్నమెంటు ఆహ్వానాన్ని ఆయన తిరస్కరించారు. మరుసటి ఏడాది నిబంధన మారాకే జట్టు వెళ్లింది, వాకర్ ఆడాడు. దీనితోపాటు, యూసీఎల్ఏ ఆటగాళ్లకు సామ్ గిల్బర్ట్ అనే ధనిక అభిమాని చేసిన సహాయాలపై ఆ తర్వాత వచ్చిన విమర్శలనూ పాఠకులకు చెప్పాలి. అవి దాచినంత మాత్రాన గౌరవం పెరగదు.

కనుక ఇకపై ఏ కోచ్ పరిచయం వేసినా, ఒక్క సాధనా తరగతి ఎలా సాగేదో రాయించండి. ఒక సూక్తి ఎక్కడ, ఎప్పుడు అన్నారో తేలకపోతే దాన్ని అచ్చు వేయకండి.

భవదీయుడు,
ఒక వ్యాయామ విద్య అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం