మా మాటను రికార్డులోకి ఎక్కించిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

చెన్నైలో తిరువొత్తియూరు దాటి ఎన్నూరు వైపు వెళ్లే దారిలో ఉన్న మా వీధి తెలుగు కుటుంబాల తరఫున ఇది రాస్తున్నాను. మా దగ్గర్లో కట్టబోయే కొత్త థర్మల్ యూనిట్ మీద జరిగిన బహిరంగ విచారణలో మా ఆడవాళ్లు మైకు పట్టుకుని మాట్లాడారు. వాళ్లు చెప్పింది విచారణ రికార్డు అయిన మినిట్స్‌లోకి ఎక్కింది. అందుకు సాయపడ్డవాళ్లు తమ పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. చదివితే ఎవరి సంగతో వాళ్లకే తెలుస్తుంది.

మొదటి దండం మా సందు చివర జిరాక్స్ షాపు అన్నకి. ఇలాంటి విచారణకి కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలోనూ ఒక స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటన వేయాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ చెబుతోంది. వేశారు కూడా. కానీ మా వీధిలో పేపర్ తెప్పించుకునేదెవరు? అన్న ఆ తమిళ ప్రకటన కత్తిరించి షాపు అద్దానికి అంటించాడు. వచ్చినవాళ్లందరికీ "ఇది మన గురించే, చూసి పోండి" అని చెప్పాడు. ఆయన చెప్పకపోతే విచారణ అయిపోయాక తెలిసేది మాకు.

ప్రాజెక్టు సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలన్నది రూలు. ఇక్కడ స్థానిక భాష తమిళం, అది న్యాయమే. అయితే సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు నుంచి పెళ్లయి వచ్చిన మా అత్తలు, పెద్దమ్మలు తమిళం గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. మా వీధిలోనే పుట్టి పెరిగిన ఒక తమిళ చెల్లి, కాలేజీ అమ్మాయి, సాయంత్రాలు మిద్దె మీద కూర్చుని ఒక్కో పేరా తమిళంలో చదివి తెలుగులో చెప్పింది. ఊరికే అప్పజెప్పేయలేదు. "బూడిద అంటే ఏ బూడిద, ఎటు పోతుంది?" అని ఎవరైనా అడిగితే అక్కడే ఆగి, ఆ పేజీ మళ్లీ చదివి, దొరకకపోతే ప్రశ్నగా రాసిపెట్టుకుంది. ఆ రాసిపెట్టుకున్నవే చివరికి మా అభ్యంతరాలయ్యాయి. ఆ పిల్లకి పరీక్షలు దగ్గర పడ్డాయి. అయినా ఒక్క సాయంత్రం కూడా విసుక్కోలేదు.

ప్రాజెక్టు వల్ల చుట్టుపక్కల ఏం ప్రభావం పడుతుందో చెప్పే పెద్ద రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉంటుంది. దాన్ని రాజాజీ సాలైలోని కలెక్టరేట్‌లో మాతో కూర్చుని చూసింది పెరంబూరు నుంచి వచ్చిన రిటైర్డ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ సార్. అన్ని వందల పేజీల్లో ఏం వెతకాలో ఆయన చెప్పారు. గాలి ఎక్కడ కొలిచారు, ఏ నెలల్లో కొలిచారు, బూడిద ఎక్కడికి పంపుతామన్నారు, ఈ మూడే ముందు చూడమన్నారు. మన దేశపు బొగ్గులో సుమారు 30 నుంచి 40 శాతం బూడిదే ఉంటుందట. ఇక వేసవిలో మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీది గాలి ఊరి వైపు తిరుగుతుంది. ఒడ్డున లేచిన దుమ్ము మా ఇళ్ల మీదికే వస్తుంది. సాధారణంగా ఈ కొలతలు వర్షాకాలం కాని ఒక్క సీజన్లో తీసుకుంటారు కాబట్టి, ఆ సీజన్ సముద్రపు గాలి వీచే నెలలదేనా అని అడగమన్నారు. ఇన్నేళ్లుగా మేము కళ్లతో చూస్తున్నదాన్ని ఎలా అడగాలో ఆ రోజు తెలిసింది.

సార్ కరెంటు వద్దనే మనిషి కాదు. 2022 ఆగస్టులో కలైవాణర్ అరంగంలో విద్యుత్ నియంత్రణ కమిషన్ చార్జీల మీద విచారణ పెట్టిన సంగతి కూడా ఆయనే చెప్పారు. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం జనం సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే కమిషన్ టారిఫ్ ఆర్డర్, అంటే కరెంటు చార్జీల ఆర్డర్ ఇవ్వాలి. పొగలోని గంధకాన్ని తగ్గించే యంత్రాలకయ్యే ఖర్చు చివరికి యూనిట్ ధరలోకే వస్తుంది. అందుకే పర్యావరణ విచారణకి వెళ్లినవాళ్లు టారిఫ్ విచారణకి కూడా వెళ్లాలని ఆయన పట్టు. నాకూ అదే సబబనిపించింది.

చెపాక్‌లో పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో కేసులు వాదించే లాయర్ అక్క పైసా తీసుకోలేదు. విచారణలో ఓట్లు లెక్కపెట్టరని, అరిస్తే పని జరగదని, ప్రశ్న సూటిగా ఉంటే దానికి జవాబు రాయక తప్పదని నచ్చజెప్పింది. ఇంకో ముఖ్యమైన మాట కూడా ఆమెదే: చివర్లో విచారణ సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి, అప్పటిదాకా ఎవరూ కదలొద్దు.

విచారణ రోజు మా పెద్దమ్మ తెలుగులోనే మాట్లాడింది. చెల్లి పక్కన నిలబడి తమిళంలో చెప్పింది. "అయ్యా, ఎండాకాలం మిద్దె మీద తెల్లబట్ట పరిచి పిండి వడియాలు పెడతాను. సాయంత్రానికి ఒక్కోదాని మీద నల్లటి నలుసులు. చేత్తో తీస్తే గీత పడుతుంది, పోదు. వడియాలంటే పారేస్తాను. నా మనవడు పీల్చే గాలిని ఏం చేయను? మా వీధిలో ఒక మిషన్ పెట్టి కొలవండి." హాలంతా నిశ్శబ్దంగా విన్నది. అదంతా వీడియోలో ఉంది.

చివర్లో సారాంశం చదివారు. వీధిలో దుమ్ము కొలవాలన్న మాట ఉంది. స్కూలు వదిలే వేళ బూడిద లారీలు ఆపాలని మా అత్త అడిగింది మాత్రం లేదు. లాయర్ అక్క మాట గుర్తుపెట్టుకుని అత్త మళ్లీ లేచింది. అధికారులు మర్యాదగా విని, అక్కడికక్కడే చేర్చారు.

మా వాళ్లు వంటకి ఇళ్లకి వెళ్లాలని తెలిసి, తమ వంతు మాకిచ్చిన మత్స్యకార సంఘాల పెద్దలకి చాలా రుణపడి ఉన్నాం. కొసస్థలై నదిలోకి బూడిద చేరిన కథ వాళ్లు ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. భాష వేరైనా మమ్మల్ని పరాయివాళ్లుగా చూడలేదు.

మాతో వచ్చిన శ్రీకాకుళం తమ్ముడు ఒకడు సోంపేట గుర్తు చేశాడు. అక్కడి థర్మల్ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని 2010 జులైలో అప్పటి జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ రద్దు చేసింది. ఆ కేంద్రం కట్టాలనుకున్న బీల ప్రాంతం చిత్తడి నేల అన్నది అక్కడి జనం మొదటి నుంచీ చెప్పిన మాటే. స్థానికులకు తెలిసింది కాగితం మీదికి రావాలి, అంతే. 2006 నోటిఫికేషన్ స్థానంలో తేవాలనుకున్న 2020 ముసాయిదాలో, విచారణ ప్రకటనకున్న ఈ 30 రోజుల గడువును 20కి తగ్గించాలని చూశారు. మిద్దె మీద పేరా పేరా విని అర్థం చేసుకున్న మాలాంటివాళ్లకి 30 రోజులే చాలలేదు. సరిహద్దు ప్రాంతాల్లో ప్రాజెక్టు సారాంశం తెలుగులో కూడా ఇవ్వాలని మేము రాతపూర్వకంగా కోరాం.

అనుమతి సంగతి ఇంకా తేలలేదు, ఫైలు నిపుణుల కమిటీ దగ్గరుంది. అనుమతి వస్తే 30 రోజుల్లోగా ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసుకోవచ్చు. చెన్నై బెంచ్ పరిధిలోకి ఆంధ్ర, తెలంగాణ కూడా వస్తాయి కాబట్టి అక్కడివాళ్లకీ ఈ కబురు పనికొస్తుంది. చెల్లి తెలుగులో రాసిన నోట్స్, మేమిచ్చిన అభ్యంతర పత్రం నకలు జిరాక్స్ అన్న షాపులో ఉన్నాయి. ఎవరికి కావాలన్నా వెళ్లి అడగండి, వాటికి ఆయన డబ్బులు తీసుకోవడం లేదు.