నాటకానికి ఒక సాయంత్రం ఇప్పించండి: మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నమస్కారాలు. టౌన్ హాలు కోసం పెట్టుకున్న అర్జీలకు జవాబు రాలేదు కనుక, పదిమంది ఎదుట రాస్తున్నాను.

మా నాయనమ్మ కాశీయాత్ర మీద గంటసేపు నేనొక్కదాన్నే ఆడే నాటకం ఇది. ‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం’ అనుకునే రోజుల్లో ఆమె బయల్దేరింది. ఇష్టమైన కాకరకాయను గంగలో వదిలేసి వచ్చింది. తర్వాత కూడా మాకోసం కాకరకాయ పులుసు పెట్టేది. ఉప్పు చూడమని గరిటె మా చేతికిచ్చేది. అది భక్తా, పంతమా అని నాటకంలో అడుగుతాను.

‘ఒక్కరి నాటకానికి హాలెందుకమ్మా?’ అన్నారు కౌంటర్‌లో. ఆ మాటకొస్తే హరికథ చెప్పేదీ ఒక్కరేగా! రిసెప్షన్‌కు ఎంత అద్దో నాటకానికీ అంతే. అందుకే డాబాల మీద ఆడుతున్నాను. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని పెద్దవాళ్లు కింద నుంచే వెనుదిరుగుతున్నారు. ఈ కథ అసలు వాళ్లది.

ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. దండలకు లోటు లేదు. నెలకు ఒక్క సాయంత్రం తక్కువ అద్దెకు నాటకాలకు కేటాయించండి. కుదరకపోతే, కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
మీ ఊరి రంగస్థల నటి